పక్క నుంచి వచ్చేవి

ఫిబ్రవరి 4, సోమవారం

డాక్టరు రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే యాభై ఒక్కేళ్ళ వయసులో డైరీ పెట్టే మనిషిని కాను. రెండు వారాలపాటు నాకు తగిలినవి, నేను చూడకుండా దాటేసినవి తేదీ వేసి, గంట వేసి రాయాలట. డాక్టర్ జక్కరీని ఫోర్లిలో ఉంటుంది. మా ఫాయెంజాలో చూపించుకోలేదు. అక్కడ సగం ఊరు నా బస్సెక్కుతుంది.

తెల్లటి పెద్ద గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంది. చాలాసేపు చుక్కలు వెలగలేదు. యంత్రం చెడిపోయిందేమో అనుకున్నాను. వెలుగుతూనే ఉన్నాయట.

తర్వాత కాగితం చూపించింది. మధ్యలో చిన్న తెల్ల బిళ్ళ. చుట్టూ నలుపు. ఆ తెలుపే మీరు చూసేది అంది. పుట్టుకతో నెత్తురులో వచ్చే జబ్బట. మందు లేదు. నెమ్మదిగా ముదురుతుంది. మీ ఇంట్లో పొద్దుగూకితే తడుముకునేవాళ్ళు ఎవరైనా ఉండేవారా అని అడిగింది. మా మేనమామ ప్రీమో. ద్రాక్షతోటలో అందరికంటే ముందు పని ఆపి ఇంటికి పోయేవాడు. సోమరిపోతు అని చచ్చేదాకా ఆడిపోసుకున్నాం.

"బండి నడుపుతారా?" అంది.

"చిన్న కారు. ఎప్పుడైనా" అన్నాను.

"ఇక వద్దు. పగలు కూడా వద్దు."

నేను పందొమ్మిదేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. రివాల్తా కొండ మీంచి ఫాయెంజా దాకా, రోజుకు ఆరు ట్రిప్పులు. మొదటిది ఉదయం అయిదూ యాభైకి. ఈ నెలల్లో అప్పటికింకా చీకటే.

ఫిబ్రవరి 5

వంటింటి అలమారా తలుపు. ఎడమ మోకాలు.

ఫిబ్రవరి 7, గురువారం

ఫాయెంజా మొదట్లో ఉన్న గుండ్రటి కూడలి దగ్గర ఎడమవైపు నుంచి ఎర్ర కారు. ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియదు. బ్రేకు తొక్కాను. వెనకాల సంచులు దొర్లాయి. కారువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తప్పు వాడిది కాదు.

సెత్తిమియా ముందుసీట్లో కూర్చుని ఉంది. ఎనభై మూడేళ్ళ మనిషి. అక్క ఫాయెంజాలో వృద్ధాశ్రమంలో ఉంది. ఆమెకు పొద్దున్నే వేడి మాంసం రసం తాగించడానికి రోజూ మొదటి బస్సుకు వస్తుంది. చక్రాల సంచి పట్టుకుని నావైపు చూసింది. ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

ఫిబ్రవరి 10, ఆదివారం

మా ఆయన ఇయాదర్ భోజనం దగ్గర నిలబడి ప్రకటించాడు. వచ్చే శనివారానికి మా పెళ్ళయి పాతికేళ్ళు. రవెన్నా వెళ్తున్నామట. పొద్దున ఊరు చూడ్డం, సాయంత్రం హోటల్లో భోజనం. టికెట్లు తీశాడు, హోటల్లో బల్ల కూడా ముందే చెప్పి ఉంచాడు. పాతికేళ్ళలో పళ్ళ డాక్టరు దగ్గర తప్ప ఎక్కడా ముందుగా పేరు రాయించుకోని మనిషి.

ఫిబ్రవరిలో ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా అని అప్పట్లో అందరూ నవ్వారు. మా ఆయన ట్రాక్టర్ మెకానిక్. ట్రాక్టర్లు నిద్రపోయే నెల అదొక్కటే.

ఆయన సంబరం చూసి జబ్బు సంగతి రేపటికి వాయిదా వేశాను. ఇరవై ఆరో తారీఖున నా లైసెన్సు పరీక్ష ఉంది. అయిదేళ్ళకోసారి. అక్కడ అక్షరాలు చదివిస్తారు. అక్షరాలు నేను చదవగలను. చివరి వరస కూడా.

ఇది రాస్తుంటే అర్థమవుతోంది, నేనేం ఆలోచిస్తున్నానో.

ఫిబ్రవరి 13

చెప్పలేదు.

ఫిబ్రవరి 16, శనివారం. ఉదయం 8.20, రైల్లో

ఇయాదర్ ఎదురుగా కూర్చున్నాడు. ఎదురుగా ఉంటే మొహమంతా కనపడుతుంది. పక్కన ఉంటే మనిషే లేడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. గోళ్ళలో గ్రీజు మాత్రం అలాగే ఉంది, అది ఇక పోదు.

"ఈరోజు నువ్వు ప్యాసింజర్‌వి పిల్లా. ఆ కుడికాలు కాస్త ఆపు" అన్నాడు. చూసుకుంటే నిజంగానే నేల తొక్కుతున్నాను. ప్రతి స్టేషన్‌కీ బ్రేకు.

బయట పొగమంచు. కొమ్మలు కత్తిరించిన పీచ్ చెట్లు. నేను ఎటు చూస్తే అది ఒక్కటే ఉంటుంది, మిగతాది ఉండదు. ఇన్నాళ్ళూ అందరికీ అంతే అనుకున్నాను.

10.05

చౌక్‌లో కాఫీ. ఇయాదర్ చుట్టలు కొనుక్కొస్తానని వెళ్ళాడు. నిజానికి చుట్టలు జేబులోనే ఉన్నాయి, వాసన వస్తోంది. ఏదో దాస్తున్నాడు. ఇద్దరం దాస్తున్నాం.

స్టేషన్ నుంచి ఇక్కడిదాకా ఆయన చెయ్యి వదల్లేదు. ఇది సైకిళ్ళ ఊరు. గంట కూడా కొట్టరు, చప్పుడు లేకుండా వచ్చేస్తారు. "పాతికేళ్ళలో ఇంత గట్టిగా పట్టుకోలేదు, ఏంటి సంగతి?" అని మురిసిపోయాడు. ప్రేమ అనుకున్నాడు. కాస్త ప్రేమ కూడా ఉంది. ఎక్కువ భయం.

11.05, ఒక గుమ్మం మెట్ల మీద

తగిలినవి రాయమంది కదా డాక్టరు. రాస్తున్నాను.

పింగాణీ కొట్టు అద్దంలో నీలం పళ్ళెం చూడ్డానికి ఆయన చెయ్యి వదిలాను. చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. అంతే. ఎడమవైపు నుంచి సైకిల్. హ్యాండిల్ నా నడుముకు తగిలింది, తొక్కుతున్న ఆవిడ అటు పడింది. నా వయసు మనిషే. బుట్టలోని నారింజలు వీధంతా దొర్లాయి. కోడిగుడ్లు పగిలి రాళ్ళ మధ్య పారుతున్నాయి.

"కళ్ళు నెత్తికెక్కాయా? నేరుగా నా మీదికే నడిచొచ్చావు కదా!" అని అరిచింది. మోచెయ్యి గీరుకుని నెత్తురు కారుతోంది.

నేను క్షమించమంటూనే ఉన్నాను. ఇంతలో ఇయాదర్ వచ్చిపడ్డాడు. "నోరు జాగ్రత్తమ్మా! ఎవరనుకుంటున్నావు? మా ఆవిడ రోజూ నలభై మందిని కొండ దింపుతుంది, మంచులో, చీకట్లో. పందొమ్మిదేళ్ళలో ఒక్క గీత పడలేదు బస్సుకి. డేగ కళ్ళు ఆమెవి. నువ్వే చూసి తొక్కు!"

"డేగ అట, డేగ. ముందు ఈ డేగని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అంది ఆవిడ. వీధిలో జనం నవ్వారు.

నేను నారింజలు ఏరాను. నాలుగు దొరికాయి. ఇంకా ఉన్నాయట, ఎవరో పిల్ల చూపించింది, నా కాళ్ళ దగ్గరే.

ఇయాదర్ ఇంకా గొణుక్కుంటున్నాడు. నా తరఫున పోట్లాడాడు.

12.10, చర్చి ఆవరణలో బెంచీ మీద

రాణి గారి సమాధి మందిరం. చిన్న ఇటుకల గది. లోపల కప్పంతా చిన్న చిన్న గాజురాళ్ళు పొదిగి చేసిన నీలం, నీలం మీద బంగారు నక్షత్రాలు. బళ్ళో ఉన్నప్పుడు ఒకసారి తీసుకొచ్చారు, అప్పుడు చూశాను. అయిదు నిమిషాలే ఉండనిస్తారు, తర్వాత ఇంకో గుంపు.

ఎండలోంచి లోపలికి అడుగుపెట్టాను. ఏమీ లేదు. నలుపు. మిగతావాళ్ళకు అర నిమిషంలో కళ్ళు అలవాటుపడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. అబ్బా, అని ఎవరో. ఇయాదర్ నా చెవి దగ్గర, "చూశావా? చూశావా మొరేనా?" అన్నాడు.

"చూశాను" అన్నాను.

"ఆ జింకలు చూడు, నీళ్ళ దగ్గర. ఎంత బాగున్నాయో."

"ఎంత బాగున్నాయో" అన్నాను.

"అటు కాదు పిల్లా, ఇటు." గడ్డం పట్టుకుని నా తల తిప్పాడు. అటు కూడా నలుపే. తల పైకెత్తి నలుపును చూస్తూ నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. చివరికి ఏదో బూడిదరంగులో పలచగా తేలుతున్నట్టు అనిపించింది. అప్పుడే గంట కొట్టారు, బయటికి పొమ్మన్నారు.

ఏడుపొచ్చింది. ఇయాదర్ చూసి తనూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆ నక్షత్రాలు చూసి ఏడుపొచ్చింది అనుకున్నాడు.

పక్కనే పెద్ద చర్చి. దాని కిటికీలు పెద్దవి, వెలుతురు బాగా పడుతుంది. అక్కడ గోడల మీది రాళ్ళ బొమ్మలు చూశాను. మొత్తం కాదు. ఇంకో రాణి చెవి పక్కన ముత్యాలు. ఒక చెలికత్తె చెప్పు. ఒక కన్ను, ఆ కంట్లో మూడు రంగుల రాళ్ళు. ముక్కముక్కగా చూడ్డానికే పెట్టారేమో వాటిని. కాసేపు భయం పోయింది. ఇంత దూరం వచ్చినందుకు ఆ పది నిమిషాలు చాలు.

2.15

బజార్లో నిలబడే పియాదీనా రొట్టె, మెత్తటి జున్ను. ఇయాదర్ చుబుకం మీద జున్ను అంటింది, నేను తుడిచాను.

పదవీ విరమణ అయ్యాక మంచం, పొయ్యి ఉన్న వ్యాను కొనుక్కుందాం అన్నాడు. సిసిలీ దాకా పోదాం అన్నాడు. "నువ్వు నడుపు. నాకు స్టీరింగ్ పట్టుకుంటే నిద్రొస్తుంది, నీకు తెలుసుగా. నేను పక్కన కూర్చుని సలామీ కోసి నోట్లో పెడతాను."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. రొట్టె మింగి చెబుతాను అనుకున్నాను. మింగాను.

4.40

రెండో చర్చి. గోడ పొడుగునా రాళ్ళ బొమ్మలు, తెల్లబట్టల ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు, చేతుల్లో కిరీటాలు. "గురువారం సంతరోజు నీ బస్సు క్యూలాగే ఉంది చూడు. ఆ మూడో ఆవిడ చిల్లర లేదంటుంది" అన్నాడు ఇయాదర్. ఇద్దరం పగలబడి నవ్వితే కాపలా ఆయన గుడ్లురిమాడు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలనుకున్నాను. ఒకరిని చూస్తే ముందున్న మనిషి పోతుంది. పదకొండు దగ్గర ఆపేశాను.

అయిదూ నలభైకి పొద్దు కూకుతుంది. అయిదింటి రైలుకి వెళ్ళిపోదాం, కాళ్ళు నొప్పులుగా ఉన్నాయి అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఏడింటికి బల్ల చెప్పాను కదా అన్నాడు. సరే అన్నాను.

ఇంకొక్క గంట.

ఫిబ్రవరి 17, ఆదివారం

నిన్నటి భోజనం సంగతి ఇవాళ రాస్తున్నాను.

హోటల్ ఒక సందులో ఉంది. అక్కడిదాకా ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను. ప్రతి అడుగూ వేసే ముందు కాలి వేళ్ళతో నేలను అడిగి వేశాను. లోపల ఇటుకల కప్పు, బల్లకొక కొవ్వొత్తి. పాతికేళ్ళ జంటకు మంచి మూల ఇచ్చాం అంది యజమానురాలు. మంచి మూల అంటే అన్నిటికంటే చీకటి మూల.

కొవ్వొత్తి వెనక ఇయాదర్ మొహం ఒక్కటే ఉంది. మిగతా బల్ల నాకు లేదు. రొట్టె కోసం చెయ్యి చాపితే ఏదో తగిలింది. ఒలీవ నూనె సీసా. గుడ్డంతా నూనె. యజమానురాలు పర్లేదమ్మా అంటూ ఇంకో గుడ్డ వేసింది. ఇయాదర్ నవ్వి, తాగకముందే ఈవిడకి ఎక్కింది అన్నాడు. వైన్ పోశారు. నా గ్లాసు ఎక్కడుందో ఆయన గ్లాసుతో తాకినప్పుడు చప్పుడుని బట్టి తెలిసింది.

తర్వాత ఆయన మాట్లాడాడు. ఇయాదర్ మాట్లాడే మనిషి కాదు, వేళాకోళం ఆడే మనిషి. నిన్న మాట్లాడాడు. పిల్లలు లేకపోయినా నువ్వు నన్ను ఒక్కరోజు కూడా లోటుగా చూడలేదు అన్నాడు. నేను ఆయన కళ్ళల్లోకే చూస్తున్నాను. చెప్పడం అయిపోయింది. ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఆయన మొహం మెల్లగా మారింది. నవ్వు ముందు పెదాల్లోంచి, తర్వాత కళ్ళల్లోంచి పోయింది.

"తీసుకోవా?" అన్నాడు.

"ఏంటి?"

"చెయ్యి నొప్పి పుడుతోంది మొరేనా. వద్దంటే వద్దని చెప్పు."

తల దించాను. కొవ్వొత్తి ఇవతల, బల్లకు కాస్త పైన, ఆయన చెయ్యి చాచి ఉంది. చేతిలో చిన్న పెట్టె. మూత తెరిచి ఉంది. ఎంతసేపటి నుంచి అలా పట్టుకున్నాడో. నేను కాదన్నాను అనుకున్నాడు. పొద్దుటినుంచి నేను ముభావంగా ఉండటం, తొందరగా వెళ్ళిపోదామనడం, అన్నీ కలిపి ఏదో అనుకున్నాడు. ఆ మొహం నేను ఇంతకు ముందెప్పుడూ చూడలేదు.

చెప్పేశాను. అంతా. గిన్నె, చుక్కలు, నల్ల కాగితం, ప్రీమో మామ, ఎర్ర కారు, డాక్టరుకు చెప్పిన అబద్ధం. నక్షత్రాలు కనపడలేదు అన్నాను. ఆ సైకిల్ ఆవిడ చెప్పిందే నిజం అన్నాను. "నీ చెయ్యి నాకు కనపడలేదు, అంతే. నీది ఏదైనా నేనెందుకు వద్దంటాను?"

మాంసం రసంలో కాపెల్లెత్తీ వచ్చింది, జున్ను కూరిన చిన్న పిండి ముద్దలు. ఆయన చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ తీసుకుని, నమిలి, మింగి, గిన్నె ఎత్తి చివరి రసం కూడా తాగాడు. నేను చూస్తూ కూర్చున్నాను. నాది చల్లారిపోయింది.

మూతి తుడుచుకుని ముందుకు వంగాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"డాక్టరుకి."

"ఆవిడకి నువ్వు బస్సు నడుపుతావని తెలియదు."

"తెలియదు."

"అయితే ఎవరికీ తెలియక్కర్లేదు."

అక్షరాలు చదువుతావుగా అన్నాడు. పరీక్ష గట్టెక్కితే అయిదేళ్ళు అడిగేవాడుండడు అన్నాడు. నా నడుము సంగతి నీకు తెలుసు, నేనెంతకాలం ట్రాక్టర్ల కింద దూరతాను అన్నాడు. ఆ దారి నీ పాదాలకు తెలుసు, కళ్ళతో ఏం పని అన్నాడు. గొంతు తగ్గించి, తొందర తొందరగా.

ఆపెయ్యి అంటాడేమోనని పన్నెండు రోజులు భయపడ్డాను. అనలేదు. అనకపోయేసరికి అసలు భయం పట్టుకుంది.

పెట్టెలో చెవిపోగులు. ఇంత చిన్న గాజురాళ్ళతో చేసిన నీలం పోగులు. పెట్టుకున్నాను. రైల్లో ఆయన నా పక్కన కూర్చున్నాడు. నాకు కనపడలేదు.

ఫిబ్రవరి 18, సోమవారం

ఉదయం అయిదూ నలభైకి బస్సు గ్యారేజీకి నాతోపాటే వచ్చాడు. వర్క్‌షాప్ తొమ్మిదింటికి కదా అంటే, ముందుసీట్లో కూర్చుంటాను అన్నాడు. సెత్తిమియా సీటు. "నేను చెబుతుంటాను, నువ్వు నడుపు."

దారంతా చెప్పాడు. కుడివైపు మనిషి. చెత్తడబ్బా. ఇటు కుక్క, కాదు, సంచి. ఎక్కేవాళ్ళు వింతగా చూశారు. మళ్ళీ హనీమూనా అన్నాడు పాలకేంద్రంలో పనిచేసే ఆయన. అందరూ నవ్వారు. ఇయాదర్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

సెత్తిమియా వెనక సీట్లో కూర్చుంది. నవ్వలేదు.

ఫిబ్రవరి 19

ఈరోజు ఏమీ తగల్లేదు. నేను నడపలేదు కాబట్టి. ఆయన నోరు నడిపింది, నా చేతులు తిరిగాయి.

ఇయాదర్ మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో స్టూలు మీదే నిద్రపోయాడట.

ఫిబ్రవరి 20

ఎన్నాళ్ళు అని అడిగాను. చూద్దాం అన్నాడు.

ఫిబ్రవరి 21, గురువారం. ఉదయం 10, ఇంట్లో

వంతెన స్టాప్. ఆరూ అయిదు. మంచు. సంతరోజు కాబట్టి జనం ఎక్కువ.

కుడివైపు తలుపులోంచి ఎక్కుతున్నారు. ఇయాదర్ ఎవరి కోళ్ళ బుట్టో పైకి అందుకుంటున్నాడు. అందుకుని, అద్దంలో కుడివైపు చూసి, "అయిపోయింది, పోనీయ్" అన్నాడు. నేను బ్రేకు వదిలాను.

సెత్తిమియా ఇల్లు రోడ్డుకు ఎడమవైపు. ఆవిడ ఎప్పుడూ బస్సు ముందు నుంచే దాటుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ దాటేదాకా ఆగుతాను. నాకు తెలుసు ఆ సంగతి. ఈరోజు ఆయన మాట విన్నాను, తెలిసినదాన్ని మర్చిపోయాను.

ఒక గజం కదిలింది. కింద ఏదో విరిగిన చప్పుడు. ఎవరో కెవ్వుమన్నారు.

దిగాను. సెత్తిమియా నిలబడే ఉంది. హెడ్‌లైట్ మీద అరచెయ్యి ఆనించి, బస్సును ఆపుతున్నట్టు. చక్రాల సంచి టైరు కింద ఉంది. అక్క కోసం తెచ్చిన రసం రోడ్డు మీద పొగలు కక్కుతోంది.

"నన్ను చూడలేదా అమ్మాయ్?" అంది. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగినట్టు.

నా వెనకనుంచి ఇయాదర్, "మంచు పెద్దమ్మా, ఈ మంచులో ఎవరికి మాత్రం కనపడుతుంది" అన్నాడు.

"మంచు కాదు" అన్నాను. గొంతు పైకి లేచింది. బస్సులోవాళ్ళందరికీ వినపడాలని నేనే లేపాను. "నాకు కనపడదు. పక్కలు కనపడవు, చీకట్లో అసలే కనపడదు. డాక్టరు నడపొద్దని చెప్పి పదిహేడు రోజులైంది."

మళ్ళీ బస్సెక్కాను. ఇంజన్ ఆపాను. తాళం తీసి సీటు మీద పెట్టాను. డిపోలో మా పైఅధికారి వాల్తెర్‌కి ఫోన్ చేసి ఇంకో బస్సు, ఇంకో డ్రైవర్ పంపమన్నాను. ఎందుకు అంటే చెప్పాను. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తర్వాత, "ఎవరికీ ఏం కాలేదుగా?" అన్నాడు. కాలేదు అన్నాను. "అక్కడే ఉండు. ముట్టుకోకు దాన్ని" అన్నాడు. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే మనిషి.

నలభై నిమిషాలు అందరం చలిలో ఉన్నాం. పాలకేంద్రం ఆయన నా మొహం మీదే అరిచాడు. "పదిహేడు రోజులు! మా ఆవిడ ఎక్కుతుంది ఈ బస్సు. కడుపుతో ఉంది. తెలుసా నీకు?" తెలుసు అన్నాను. ఇంకేమనగలను? ఇయాదర్ మధ్యలోకి రాబోయాడు. వద్దన్నాను. ఆయన అరవాల్సిందే. రవెన్నాలో ఆవిడ అరిచినప్పుడే నేను వినాల్సింది.

సెత్తిమియా మాత్రం బస్సెక్కి, తన సీట్లో తను కూర్చుని, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎర్ర కారప్పుడే అనుకున్నాను. చెబితే నీ ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. నాకూ బుద్ధి లేదు" అంది. గడియారం చూసుకుని, "అక్క ఆకలికి గొడవ చేస్తుంటుంది" అంది.

కొత్త డ్రైవర్ వచ్చాడు. బస్సు వెళ్ళిపోయింది. వంతెన మీద నేను, ఇయాదర్ మిగిలాం. ఇంటికి మూడు కిలోమీటర్లు ఎక్కుడు. ఆయన ముందు నడిచాడు, నేను వెనక.

ఫిబ్రవరి 23

రెండు రోజులుగా మాట్లాడటం లేదు. పళ్ళేలు చప్పుడు చేస్తూ కడుగుతాడు. నేను గడప దాటేచోట లైటు మాత్రం వేసి ఉంచుతున్నాడు.

ఫిబ్రవరి 24, ఆదివారం

వాకిట్లో కట్టెలు పేరుస్తూ ఉన్నట్టుండి అన్నాడు. "నేను సిగ్గులేని మాట అన్నాను ఆ హోటల్లో."

నేను ఇంకో కట్టె అందించాను.

"భయమేసింది. నువ్వు చెబుతుంటే నాకు నీ కళ్ళు గుర్తు రాలేదు. వ్యాను గుర్తొచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది. నా నడుము గుర్తొచ్చింది. పాతికేళ్ళు నీ పక్కన కూర్చుని ఊళ్ళు తిరిగినవాణ్ణి, రేపటినుంచి నేను నడపాలా అని..." కట్టె కింద పడేశాడు. "సెత్తిమియాని చంపి ఉండేవాళ్ళం."

"నేను" అన్నాను.

"పోనీయ్ అన్నది నేను."

దాని మీద చాలాసేపు వాదించుకున్నాం, తప్పు ఎవరిదని. ఇద్దరం నాదంటే నాదన్నాం. చివరికి చలేసి లోపలికి వచ్చాం. ఆయన ఏడ్చాడు. నాకు రాలేదు. రవెన్నాలోనే అయిపోయిందేమో.

ఫిబ్రవరి 26, మంగళవారం

పరీక్షకు వెళ్ళాను. వెళ్ళక్కర్లేదన్నాడు వాల్తెర్, ఎలాగూ నన్ను పనిలోంచి పక్కన పెట్టేశారు, విచారణ కూడా ఉంటుందట. అయినా వెళ్ళాను. అక్కడి డాక్టరు అక్షరాలు చదవమన్నాడు. చివరి వరసదాకా చదివాను. భేష్ అని సంతకానికి కలం తీశాడు. అప్పుడు సంచిలోంచి నల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, కలానికి మూత పెట్టాడు.

ఇది మీరు చూపించకపోతే నాకు తెలిసేది కాదు అన్నాడు. తెలుసండీ అన్నాను. అందుకే తెచ్చాను.

బయట ఇయాదర్ కారులో. నన్ను ఎక్కించుకుని, అద్దాలు మూడుసార్లు సర్దుకుని, రెండో గేరులోనే ఇంటిదాకా నడిపాడు. వెనక అందరూ హారన్లు. నేను కుడికాలు కదపకుండా పట్టుకుని కూర్చున్నాను. ఘోరంగా నడుపుతాడు.

మార్చి 8

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. టికెట్ల గదిలో ఏదైనా ఇస్తారేమో, ఇవ్వరేమో. పొద్దున నాలుగున్నరకే మెలకువ వస్తోంది. లేచి ఏం చెయ్యాలో తెలియదు.

డాక్టర్ జక్కరీనికి నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. నోటుబుక్కు మొత్తం చదివింది. నేను తగిలినవి రాయమన్నాను, మీరు ఇంకేదో రాశారు అంది. తెల్లకర్రతో నడవడం నేర్పే మనిషి ఫోన్ నంబరు ఇచ్చింది. ఇంకా చెయ్యలేదు.

మార్చి 19

చేశాను.

ఏప్రిల్ 11

ఈరోజు మొదటిసారి ఒక్కదాన్నే వంతెనదాకా దిగాను. కర్రతో. ఇయాదర్ గేటు దగ్గరే ఆగిపోయాడు, నేను వద్దన్నాను.

వంతెన మీద ఎవరైనా ఉన్నారో లేదో తెలియలేదు. ఎడమవైపుకు ఒకసారి, కుడివైపుకు ఒకసారి తల తిప్పి, రెండు వైపులా శుభోదయం చెప్పాను.

కుడివైపు పిట్టగోడ, దాని కింద నది. ఎడమవైపు నుంచి ఎవరో బదులు పలికారు.